మోడల్ టి పక్కన బుగాటి షిరాన్: వందేళ్లలో నిజంగా మారిందేంటి

మీ ప్రశ్న ఇది కదా: 1908 నాటి ఫోర్డ్ మోడల్ టి ని, మన కాలపు బుగాటి షిరాన్ ని పక్కపక్కన పెడితే 20 హార్స్‌పవర్ కాస్తా 1500 అవ్వడం తప్ప ఇంకేం మారింది, రెండూ పెట్రోల్ మండించి చక్రాలు తిప్పేవే కదా, అసలు ఇంజనీరింగ్ పరంగా రెండింట్లో ఏది గొప్ప అని. నేను పాత ఇంజిన్లు విప్పి బిగించే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నా కాబట్టి ఇది నాకు బాగా ఇష్టమైన టాపిక్, కొంచెం ఓపిగ్గా చదవండి, లెక్కలు కూడా ఉంటాయి.

ముందు ఒక చిన్న సవరణ. మోడల్ టి మొట్టమొదటి మాస్ ప్రొడక్షన్ కారు కాదు, 1901 నుంచే ఓల్డ్స్‌మొబైల్ కర్వ్డ్ డ్యాష్ అనే బండిని వేలల్లో తయారు చేశారు. మోడల్ టి 1908 అక్టోబర్‌లో వచ్చింది, కదిలే అసెంబ్లీ లైన్ దానికి 1913లో గానీ కలవలేదు. కానీ లక్షల్లో, కోట్లలో తయారీ అంటే ఏంటో చూపించింది మాత్రం మోడల్ టి నే, అందుకే పోలికకి మీరు దాన్ని ఎంచుకోవడం సరైనదే.

అసలు తిరకాసు ఎక్కడుందంటే, ఈ రెండు కార్లని నేరుగా పోల్చినప్పుడు రెండు వేర్వేరు తేడాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఒకటి వందేళ్ల కాలం తేడా. రెండోది ఉద్దేశం తేడా, అంటే ఒకటి అందరూ కొనగలిగేలా చేసిన బండి, ఇంకోటి ఎంత ఖర్చైనా పర్లేదు స్పీడ్ కావాలి అని చేసిన బండి. చాలామంది ఈ రెండింటినీ విడదీయకుండా "అబ్బో ఎంత మారిపోయిందో" అనేసి ఆగిపోతారు. విడదీయాలంటే ఇంకో రెండు బండ్లని మధ్యలోకి తెచ్చుకోవాలి: మోడల్ టి కాలంలోనే డబ్బుకి వెనకాడకుండా స్పీడ్ కోసం చేసిన బండి ఒకటి, ఇప్పటి కాలంలో చవగ్గా అందరి కోసం చేసే మామూలు చిన్న కారు ఒకటి. ఈ నలుగుర్నీ వరసగా నిలబెడితే ఏ తేడా ఎందుకొచ్చిందో దానంతటదే తేలిపోతుంది.

మొదటి దానికి నేను బ్లిట్జెన్ బెంజ్ ని తీసుకుంటా. 1909లో వచ్చింది, మోడల్ టి కంటే ఒక్క ఏడాదే చిన్నది. ఇంజిన్ 21.5 లీటర్లు, సిలిండర్లు మాత్రం నాలుగే, అంటే ఒక్కో సిలిండర్ 5 లీటర్ల పైన! పవర్ 200 హార్స్‌పవర్. 1909 నవంబర్‌లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద గంటకి 200 కిలోమీటర్లు దాటింది, 1911లో అమెరికాలో డేటోనా బీచ్ ఇసక మీద బాబ్ బర్మన్ దీన్ని 228 దాకా తీసుకెళ్ళాడు. చైన్‌తో నడిచే వెనక చక్రాలు, బ్రేకులు కూడా వెనకే. అంటే షిరాన్ కి అసలైన ముత్తాత ఇది, మోడల్ టి కాదు. మోడల్ టి వంశం ఇప్పుడు రోడ్డు మీద కనిపించే ఒక లీటర్ ఇంజిన్ చిన్న కారు.

ఇప్పుడు ఇంజిన్ సంగతి చూద్దాం, అసలు మజా ఇక్కడే ఉంది. మోడల్ టి ఇంజిన్ 2.9 లీటర్లు, నాలుగు సిలిండర్లు, 20 హార్స్‌పవర్, అంటే లీటరుకి దాదాపు 7. షిరాన్ 8 లీటర్లు, 16 సిలిండర్లు, నాలుగు టర్బోలు (ఇంజిన్‌లోకి గాలిని బలంగా కుక్కే పంకాలు), 1500 హార్స్‌పవర్, లీటరుకి 187. దాదాపు 27 రెట్లు. ఇది చూసి "మోడల్ టి చవక బండి కదా అందుకే తక్కువ" అనుకుంటాం. కానీ బ్లిట్జెన్ బెంజ్ ని చూడండి, డబ్బు గురించి ఆలోచించకుండా చేసిన రికార్డుల బండి, దానికి లీటరుకి వచ్చింది 9 మాత్రమే. అంటే 7 కీ 9 కీ ఉన్న ఆ కాస్త తేడానే అప్పట్లో డబ్బుతో కొనగలిగింది! ఇప్పటి మామూలు ఒక లీటర్ చిన్న ఇంజిన్, టర్బో లేకుండానే, 65 నుంచి 70 హార్స్‌పవర్ ఇస్తుంది. అంటే 7 నుంచి 70 కి రావడం కాలం చేసిన పని, అది అందరికీ దక్కింది, 70 నుంచి 187 కి వెళ్ళడం షిరాన్ డబ్బు పెట్టి తెచ్చుకున్నది.

ఆ 27 రెట్లు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చెప్తా. మోడల్ టి గరిష్ట పవర్ 1600 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర వస్తుంది, బ్లిట్జెన్ బెంజ్ కి కూడా సరిగ్గా అంతే, 1600. షిరాన్ కి 6700. అంటే నిమిషంలో నాలుగు రెట్లకి పైగా ఎక్కువసార్లు పేలుళ్ళు జరుగుతాయి, అది 4.2 రెట్లు. మిగిలింది 6.4 రెట్లు, అది ఒక్కో పేలుడులో ఎంత గాలి పెట్టి ఎంత గట్టిగా నొక్కి మండించగలం అన్న దాన్నుంచి వస్తుంది. మోడల్ టి లో కంప్రెషన్, అంటే సిలిండర్‌లోని గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకి నొక్కుతాం అన్నది, నాలుగుకి ఒకటి అటూఇటూగా ఉండేది, వాల్వులు సిలిండర్ పక్కన ఉండేవి, గాలి వంకర దారిలో లోపలికి పోవాలి, పోయినంతే పోతుంది. కంప్రెషన్ ఎందుకు పెంచలేదు అంటే పెట్రోల్. అప్పటి పెట్రోల్ ని గట్టిగా నొక్కితే స్పార్క్ రాకముందే, లేదా స్పార్క్ వచ్చాక అదుపు తప్పి, అంటుకుని ఇంజిన్ నాకింగ్ కొట్టేది, బేరింగులు పాడయ్యేవి. నాకింగ్ తగ్గించే లెడ్ కలిపిన పెట్రోల్ అమ్మకానికి వచ్చిందే 1923లో. కాబట్టి అప్పటి డిజైనర్లకి తెలివి తక్కువై కాదండీ, ఇంధనం ఒప్పుకోలేదు. ఈ మాట ఎవరూ చెప్పరు కానీ వందేళ్ల ఇంజిన్ చరిత్రలో సగం పెట్రోల్ చరిత్రే.

ఇంకో విషయం చాలామంది గమనించరు, ఒక్క సిలిండర్ సైజు తీసుకుంటే మోడల్ టి దే పెద్దది, 720 సీసీ పైన. షిరాన్ ది 500 సీసీ, ఒక మోస్తరు మోటార్ సైకిల్ ఇంజిన్ అంత. చిన్న సిలిండర్‌లో మంట త్వరగా అన్ని మూలలకీ చేరుతుంది, పిస్టన్ తేలిగ్గా ఉంటుంది, అందుకే ఎక్కువ ఆర్‌పీఎం తట్టుకుంటుంది. పవర్ కావాలంటే పెద్ద సిలిండర్ పెట్టు అన్నది 1909 ఆలోచన, చిన్న సిలిండర్లు ఎక్కువ పెట్టి వాటిలోకి గాలి కుక్కు అన్నది ఇప్పటి ఆలోచన. షిరాన్ ఫుల్ పవర్‌లో ఉన్నప్పుడు నిమిషానికి 60,000 లీటర్ల గాలి పీలుస్తుంది. మోడల్ టి కి లెక్క కట్టండి, 2.9 లీటర్లు, రెండు తిరుగుళ్ళకి ఒకసారి, 1600 ఆర్‌పీఎం, ఎంత బాగా పీల్చుకున్నా నిమిషానికి 2,320 లీటర్లు దాటదు.

సరే, ఇప్పుడు స్పీడ్. మోడల్ టి టాప్ స్పీడ్ గంటకి 65 నుంచి 70 కిలోమీటర్లు. షిరాన్ 420, అదీ కంపెనీ కట్టేసిన లిమిట్. అంటే 6 రెట్లు. పవర్ 75 రెట్లు పెరిగితే స్పీడ్ 6 రెట్లేనా అని కొందరు పెదవి విరుస్తారు, గాలి గురించి తెలియక. గాలి అడ్డుకునే బలం స్పీడ్‌కి వర్గంలో పెరుగుతుంది, దాన్ని దాటడానికి కావాల్సిన పవర్ ఘనంలో పెరుగుతుంది. స్పీడ్ రెట్టింపు కావాలంటే పవర్ 8 రెట్లు కావాలి. 6 రెట్లు కావాలంటే 216 రెట్లు! అంటే మోడల్ టి ఆకారంలోనే ఉన్న బండిని 420 కి తీసుకెళ్ళాలంటే 20 ని 216 తో గుణించండి, 4,300 హార్స్‌పవర్ పైన కావాలి. షిరాన్ కి 1500 చాలింది, మూడో వంతు. (మోడల్ టి లో కొంత పవర్ టైర్ల రాపిడికీ గేర్లకీ పోతుంది కాబట్టి ఇది కచ్చితమైన లెక్క కాదు, అంచనాకి సరిపోతుంది.)

ఇక్కడే నన్ను మొదటిసారి లెక్క వేసినప్పుడు ఆశ్చర్యపరిచిన సంగతి ఉంది. ఇదే లెక్క మామూలు చిన్న కారుకి వేయండి. 68 హార్స్‌పవర్, టాప్ స్పీడ్ 150 అనుకుందాం. 70 కి 2.14 రెట్లు, దాని ఘనం దాదాపు 10, అంటే మోడల్ టి ఆకారంలో అయితే 200 హార్స్‌పవర్ కావాలి, దానికి 68 చాలింది. అదీ మూడో వంతే! అంటే గాలిని చీల్చుకుని వెళ్ళడంలో షిరాన్ ఒక మామూలు హ్యాచ్‌బ్యాక్ కంటే ఏమంత మెరుగు కాదు. చూడ్డానికి బాణంలా ఉంటుంది కదా మరి ఎందుకిలా అంటే, దానికి వెడల్పాటి టైర్లు కావాలి, నేలకి అదిమి పెట్టే బలం కావాలి, రేడియేటర్లకి గాలి పోవడానికి ముందంతా కన్నాలు కావాలి, ఇవన్నీ గాలిని అడ్డుకునేవే. గాలిలో జారిపోయేలా మాత్రమే చేస్తే అంత స్పీడ్‌లో నేల వదిలేస్తుంది. 2019 ఆగస్టులో జర్మనీలోని ఎరా-లెస్సియన్ ట్రాక్ మీద ఆండీ వాలెస్ 490 దాటించిన షిరాన్ చూడండి, 1600 హార్స్‌పవర్, అంటే పవర్ పెరిగింది కాస్తే, కానీ తోక భాగం పొడుగు చేసి వెనకాల గాలి సుడి తగ్గించారు, బండిని ఇంకా కిందకి దించారు. ఆకారం మీద పని చేయకుండా ఆ 490 వచ్చేది కాదు.

తర్వాతది వేడి. సూపర్‌కార్ గురించి మాట్లాడేవాళ్ళు హార్స్‌పవర్ దగ్గరే ఆగుతారు, కానీ డిజైన్ చేసేవాళ్ళకి తల ప్రాణం తోకకి వచ్చేది వేడి దగ్గర. పెట్రోల్ ఇంజిన్‌లో ఇంధనం ఇచ్చే శక్తిలో చక్రాలకి చేరేది మూడో వంతు లోపే, మిగతాదంతా వేడిగా పొగగొట్టంలోంచీ నీళ్ళలోంచీ నూనెలోంచీ బయటికి పోవాలి. 1500 హార్స్‌పవర్ చక్రాలకి పంపుతున్నాం అంటే అంతకి రెండింతల పైన వేడిని ఎక్కడికో పంపించాలి. షిరాన్ కి ముందు వచ్చిన వేరాన్ లోనే పది రేడియేటర్లు పెట్టాల్సొచ్చింది. షిరాన్ లో నీళ్ళ పంపు నిమిషానికి 800 లీటర్లు తిప్పుతుంది.

మోడల్ టి లో అసలు నీళ్ళ పంపే లేదు! మొదటి 2,500 బండ్లకి పెట్టారు, తర్వాత తీసేశారు. వేడెక్కిన నీళ్ళు తేలికై పైకి లేచి రేడియేటర్ పై భాగంలోకి పోతాయి, అక్కడ చల్లబడి బరువెక్కి కిందకి దిగి మళ్ళీ ఇంజిన్‌లోకి వస్తాయి, అంతే, థెర్మోసైఫన్ అంటారు. నీళ్ళ మట్టం పై గొట్టం కంటే కిందకి దిగకుండా చూసుకుంటే చాలు, దిగితే మాత్రం తిరగడం ఆగిపోయి ఇంజిన్ మరుగుతుంది. ఆయిల్ పంపు లేదు, ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం) తిరుగుతూ నూనె చిమ్ముతుంది, ఒక సన్న గొట్టం దాన్ని ముందుకి తీసుకెళ్తుంది. పెట్రోల్ పంపు లేదు, ట్యాంకు సీటు కింద ఉంటుంది, పెట్రోల్ దానంతటదే కార్బ్యురేటర్‌లోకి (పెట్రోల్ ని గాలితో కలిపే భాగం) జారుతుంది. అందుకే ట్యాంకులో పెట్రోల్ తక్కువ ఉన్నప్పుడు నిటారు ఎత్తు ఎక్కాలంటే బండి తిప్పి రివర్స్‌లో ఎక్కించేవాళ్ళు, అప్పుడు ట్యాంకు ఇంజిన్ కంటే పైన ఉంటుంది కదా, పైగా రివర్స్ గేర్ లాగే బలం కూడా ఎక్కువ. బ్యాటరీ తప్పనిసరి కాదు, ఫ్లైవీల్‌కి బిగించిన 16 అయస్కాంతాలే కరెంటు పుట్టించేవి. మూడు పంపులు, ఒక బ్యాటరీ లేకుండా ఇంజిన్ నడపడం అంటే మాటలు కాదండీ. ఇది కాలం తేడా కాదు, అప్పటికి నీళ్ళ పంపు తెలియనిదేం కాదు, పెట్టి మరీ తీసేశారు. ఒక్కో భాగం తీసేసిన కొద్దీ ధర తగ్గుతుంది, పాడయ్యే అవకాశమూ తగ్గుతుంది. నాకు మోడల్ టి మీద ఇంత గౌరవం అందుకే.

టైర్ల దగ్గరకి వస్తే షిరాన్ వైపు గౌరవం పెరుగుతుంది. షిరాన్ వెనక టైరు చుట్టుకొలత 2.2 మీటర్లు, 420 స్పీడ్‌లో సెకనుకి 52 సార్లు తిరుగుతుంది. ఆ అంచు దగ్గర బయటికి లాగే బలం లెక్క కడితే భూమి ఆకర్షణకి 3,900 రెట్లు వస్తుంది. అంటే టైరు అంచున ఉన్న ఒక గ్రాము రబ్బరు దాదాపు నాలుగు కిలోల బరువంత బలంతో ఊడిపోవాలని చూస్తుంది. మోడల్ టి టైరుకి 70 స్పీడ్‌లో అదే గ్రాము 100 గ్రాములంత లాగుతుంది. షిరాన్ ని 420 దగ్గర కట్టేయడానికి ప్రధాన కారణం ఇంజిన్ కాదు, ఈ టైర్లే. ఇంజిన్ ఇంకా లాగగలదు, టైరు తట్టుకోవాలి కదా. మొత్తం బండిలో డబ్బు పోసినా సులభంగా లొంగని భాగం ఏదైనా ఉందంటే నా దృష్టిలో అది టైరే.

బ్రేకుల లెక్క ఇంకా భయంకరం. మోడల్ టి మనుషులతో కలిపి 700 కిలోలు అనుకుంటే 70 స్పీడ్‌లో దానిలో ఉన్న కదలిక శక్తి సుమారు 130 కిలోజౌల్స్. షిరాన్ 2,100 కిలోలు అనుకుని 420 స్పీడ్‌కి లెక్క వేస్తే 14,000 కిలోజౌల్స్ పైన, వంద రెట్లు. మోడల్ టి లో కాలి బ్రేకు చక్రాల మీద పనే చేయదు, గేర్‌బాక్స్ లోపలి డ్రమ్ముని ఒక బ్యాండు బిగించి పట్టుకుంటుంది. చేతి లివర్ వెనక చక్రాల డ్రమ్ముల్ని పట్టుకుంటుంది. ముందు చక్రాలకి బ్రేకులే లేవు. షిరాన్ 2017లో చేసిన సున్నా నుంచి 400, మళ్ళీ సున్నా పరుగులో (మొత్తం 41.96 సెకన్లు, నడిపింది ఖ్వాన్ పాబ్లో మోంటోయా) 400 నుంచి ఆగడానికి 9.3 సెకన్లు పట్టింది. కార్బన్ సిరామిక్ డిస్కులు, వాటికి తోడు వెనక రెక్క నిటారుగా లేచి గాలికి అడ్డంగా నిలబడుతుంది. అయితే నాలుగు చక్రాలకీ బ్రేకులు, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసేది), ఇవి ఇప్పుడు చిన్న కారులో కూడా ఉన్నాయి, కాబట్టి అది కాలం లెక్కలోకే వెళ్తుంది. రెక్క, సిరామిక్ డిస్కులు మాత్రం ఉద్దేశం లెక్క.

నడిపే పద్ధతి గురించి చెప్పకపోతే ఈ సమాధానం పూర్తి కాదు. మోడల్ టి లో మూడు పెడళ్ళు ఉంటాయి, కానీ మనం అనుకునేవి కావు. ఎడమది పూర్తిగా తొక్కితే లో గేరు, సగం తొక్కితే న్యూట్రల్, వదిలేస్తే హై గేరు. మధ్యది రివర్స్. కుడిది బ్రేకు. యాక్సిలరేటర్ పెడల్ లేదు, స్టీరింగ్ కింద కుడి వైపు చిన్న లివర్ ఉంటుంది, అది థ్రాటిల్. ఎడమ వైపు ఇంకో లివర్, అది స్పార్క్ టైమింగ్. ఇంజిన్ స్పీడ్ పెరిగిన కొద్దీ స్పార్క్ ముందుగా వచ్చేలా డ్రైవరే ఆ లివర్ జరుపుకోవాలి. స్టార్ట్ చేసేటప్పుడు ముందు ఆ లివర్ వెనక్కి పెట్టాలి, మర్చిపోయి క్రాంక్ తిప్పితే ఇంజిన్ ఎదురు తన్నుతుంది, మణికట్టు విరిగినవాళ్ళు చాలామంది. అందుకే ఎడమ చేత్తో పైకి లాగుతూ తిప్పమనేవాళ్ళు, ఎదురు తన్నినా హ్యాండిల్ చేతిలోంచి జారిపోతుంది అని. ఎలక్ట్రిక్ స్టార్టర్ 1919లో గానీ రాలేదు, అదీ ఓపెన్ బండ్లకి అదనంగా డబ్బు కడితేనే.

అంటే మోడల్ టి లో ఇంజిన్ కంప్యూటర్ ఎవరంటే డ్రైవరే. ఇంజిన్ చప్పుడు చెవితో విని, బండి వణుకు ఒంటితో పట్టుకుని, స్పార్క్, పెట్రోల్ మిశ్రమం, థ్రాటిల్ మూడూ చేతులతో సర్దేవాడు. షిరాన్ లో 16 సిలిండర్లకీ ప్రతి పేలుడుకీ స్పార్క్ ఎప్పుడు, పెట్రోల్ ఎంత అన్నది ఎలక్ట్రానిక్స్ చూసుకుంటుంది, ఏ గేరు అన్నది రెండు క్లచ్‌ల 7 గేర్ల బాక్సు చూసుకుంటుంది, ఏ చక్రానికి ఎంత పవర్ అన్నది ఆల్ వీల్ డ్రైవ్ చూసుకుంటుంది. 1500 హార్స్‌పవర్ ని ఒక మామూలు మనిషి కుడికాలికి అప్పగించి బతికి బయటపడనిచ్చేది ఇదే. కానీ మళ్ళీ అదే ప్రశ్న వేసుకోండి, ఇది కాలం తేడానా ఉద్దేశం తేడానా? స్పార్క్ ని కంప్యూటర్ చూసుకోవడం ఇప్పుడు అతి చవక కారులో కూడా ఉంది. కాబట్టి కాలమే. ఇంకోటి, మోడల్ టి లో ఉన్న ప్లానెటరీ గేర్లు, బ్యాండ్లు, అంటే గేరు పళ్ళు ఎప్పుడూ కలిసే ఉండి బయటి డ్రమ్ముని పట్టుకోవడంతోనే గేరు మారడం, ఆ సూత్రమే తర్వాత ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లోకి వచ్చింది. ఆ కాలంలో మిగతా బండ్లలో గేరు మార్చడం అంటే పళ్ళు కరకరలాడించడమే, కొత్తవాళ్ళకి నరకం. మోడల్ టి లో అది లేదు.

రోడ్ల సంగతి క్లుప్తంగా. 1908లో అమెరికా పల్లెల్లో రోడ్లంటే ఎక్కువగా బురద, గాడులు. మోడల్ టి కి నేల నుంచి దాదాపు 10 అంగుళాల ఎత్తు, ముందొకటి వెనకొకటి అడ్డంగా పెట్టిన స్ప్రింగులు, ఇంజిన్ ఫ్రేముకి మూడు చోట్లే బిగింపు, అందుకే ఫ్రేము మెలి తిరిగినా ఇంజిన్ బ్లాకు మీద ఒత్తిడి పడదు. తేలిగ్గా, బలంగా ఉండటానికి వెనేడియం స్టీల్ వాడారు, అప్పటికి అది ఖరీదైన కొత్త సరుకు, చవక బండిలో ఖరీదైన ఉక్కు ఎందుకు అంటే తక్కువ ఉక్కుతో సరిపోతుంది కాబట్టి. షిరాన్ ఆ దారిలో వంద మీటర్లు కూడా పోలేదు. 420 కి వెళ్ళాలంటే బండి ఆపి, రెండో తాళంచెవి పెట్టి తిప్పాలి, అప్పుడు బండి కిందకి దిగుతుంది, రెక్క సర్దుకుంటుంది. రోజువారీ వాడకంలో మైలేజీ మాత్రం మరీ అంత దూరం లేదు, మోడల్ టి లీటరుకి 5.5 నుంచి 9 కిలోమీటర్లు ఇచ్చేది, షిరాన్ అధికారిక సగటు లెక్క 4.4 చిల్లర. ఫుల్ స్పీడ్‌లో అయితే వేరాన్ కే 100 లీటర్ల ట్యాంకు 12 నిమిషాల్లో ఖాళీ అవుతుంది అనేవాళ్ళు.

తయారీలో మాత్రం తేడా తలకిందులుగా ఉంటుంది. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో ముందు ఫ్లైవీల్ మాగ్నెటో (ఇందాక చెప్పిన, అయస్కాంతాలతో కరెంటు పుట్టించే భాగం) దగ్గర ప్రయోగం చేశారు, ఒక్క మనిషి మొత్తం బిగిస్తే 20 నిమిషాలు పట్టేది, పనిని ముక్కలు చేసి వరసగా మనుషుల్ని పెడితే 13 నిమిషాలకి దిగింది, తర్వాత సర్దుబాట్లతో 5 కి వచ్చింది. అదే పద్ధతి ఛాసిస్ (బండి అడుగు చట్రం) కి పెడితే 12 గంటల పైన పట్టే బిగింపు 1914 కల్లా 93 నిమిషాలకి దిగింది. 1908లో 850 డాలర్లు ఉన్న టూరింగ్ మోడల్, 1920ల మధ్యకి వచ్చేసరికి 300 లోపు, రెండు సీట్ల రనబౌట్ 260 కి దొరికేది. 1927లో ఆపేసేసరికి కోటిన్నర బండ్లు. ఆ పని ఎంత విసుగు తెప్పించేదంటే మనుషులు నిలబడక మానేసి వెళ్ళిపోయేవాళ్ళు, 1914 జనవరిలో రోజుకి 5 డాలర్ల జీతం ఇచ్చింది అందుకే, దాతృత్వం కోసమే అని చెప్పేవాళ్ళ మాట పూర్తిగా నమ్మకండి. నలుపు రంగు గురించి కూడా, మొదట్నుంచీ నలుపే అనుకుంటారు, కాదు, మొదట్లో వేరే రంగులు ఉండేవి, నలుపు ఒక్కటే అన్నది 1914 నుంచి 1925 దాకా.

షిరాన్ మొత్తం 500. ఫ్రాన్స్‌లోని మోల్‌షైమ్ లో కదిలే లైన్ లేకుండా కొద్దిమంది మనుషులు చేత్తో బిగించేవాళ్ళు, ఒక్కో బండికి నెలలు పట్టేది, మొదట్లో ధర పన్నులు కాకుండా 24 లక్షల యూరోలు ఉండేది. మోడల్ టి బాగా అమ్ముడైన రోజుల్లో 500 బండ్లు కొన్ని గంటల్లో బయటికొచ్చేవి. అంటే తయారీ పద్ధతిలో షిరాన్ 1913 కంటే ముందు కాలానికి వెళ్ళిపోయింది! ఇది వెనకబాటు కాదు, 500 బండ్ల కోసం లైన్ పెడితే ఆ లైన్ ఖర్చు గిట్టదు. సంఖ్యని బట్టే పద్ధతి.

రిపేరు విషయం రెండు ముక్కల్లో. మోడల్ టి ని యజమానే విప్పుకునేవాడు, సిలిండర్ హెడ్ బోల్టులు తీస్తే ఊడొస్తుంది (అప్పట్లో చాలా ఇంజిన్లకి హెడ్, బ్లాకు ఒకే ముక్క), బేరింగు వదులైతే మధ్యలో సన్న రేకు ఒకటి తీసి మళ్ళీ బిగించుకోవడమే. షిరాన్ కి శిక్షణ పొందినవాళ్ళు, ప్రత్యేక పరికరాలు, కంప్యూటర్ తప్పవు.

ఏది గొప్ప అన్నారు కదా. నా ఓటు మోడల్ టి కి, కారణం చెప్తా. షిరాన్ లో ఒక సమస్య వస్తే ఇంకో రేడియేటరో, ఇంకో టర్బోనో, ఇంకా మంచి లోహమో పెట్టొచ్చు, అడ్డొచ్చేది ప్రకృతి నియమాలు మాత్రమే, గాలి, వేడి, టైరు. మోడల్ టి వాళ్ళకి ప్రకృతి నియమాలూ అడ్డే, ధర కూడా అడ్డే, బురద రోడ్డు కూడా అడ్డే, దానికి తోడు ఎప్పుడూ బండి నడపని మనిషి నడుపుతాడు అన్నది ఇంకో అడ్డు. అన్నింటికీ కలిపి ఒకే జవాబు ఇవ్వాలి, అదీ తక్కువ భాగాలతో. ఆ టైరు లెక్క చూసినప్పుడల్లా షిరాన్ చేసినవాళ్ళకి కూడా దండం పెట్టాలనిపిస్తుంది, అది వేరే సంగతి.

ఒకవేళ ఎవరైనా "మోడల్ టి వాళ్ళకి అప్పుడే బోలెడు డబ్బు ఇచ్చుంటే షిరాన్ లాంటిది చేసేవాళ్ళా" అని అడిగితే బ్లిట్జెన్ బెంజ్ ని చూపించండి, డబ్బుతో అప్పటికి దొరికేది 228, అంతే. ఆ పైన ఇంధనం, టైరు, లోహాలు, ఎలక్ట్రానిక్స్ రావాల్సిందే. ఇంకే కారైనా ఇలా తూచాలంటే మూడు లెక్కలు వేయండి చాలు: లీటరుకి ఎన్ని హార్స్‌పవర్, టాప్ స్పీడ్ ని 70 తో భాగించి దాని ఘనాన్ని 20 తో గుణిస్తే వచ్చే సంఖ్యలో ఆ కారు అసలు పవర్ ఎన్నో వంతు, టాప్ స్పీడ్‌లో టైరు అంచున ఒక గ్రాము ఎంత లాగుతుంది. మీరు ఏ కారుకి వేసినా అంకెలు ఇక్కడే పెట్టండి, అది కాలం తేడానా ఉద్దేశం తేడానా కలిసి చూద్దాం.